నాలుగో చుక్క

కదలకు తల్లీ, కదలకు. నీ కాలు ఒక్కటే నా చేతిలో ఉంది, మిగతా నిన్నంతా ఈ స్కాను మిషను గుండ్రటి సొరంగం మింగేసింది, నీ తల ఎక్కడుందో, ముఖం ఎలా ఉందో నాకు కనిపించడం లేదు, ఈ పాదం నీదేనన్న ధైర్యం మీద కూర్చుని ఉన్నాను. కదిలితే బొమ్మ చెదిరిపోతుందట. చెదిరితే అంతా మళ్ళీ మొదటికి వస్తుందట, మళ్ళీ ఇంకో తారీఖు, మళ్ళీ తెల్లవారుజాము నుంచి గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వకుండా నిన్ను ఏడిపించడం, మళ్ళీ ఆ మత్తుమందు, ఇంత పిల్లకు ఎన్నిసార్లు ఇస్తారు మత్తు, వాళ్ళు ఇచ్చినా నా ప్రాణం ఎన్నిసార్లు తట్టుకుంటుంది. నా చెవుల్లో స్పాంజి బిరడాలు కుక్కారు, అయినా మోత పళ్ళ సందుల్లోంచి లోపలికి వస్తోంది. రేకుల షెడ్డు మీద ఎవరో ఇనప రాడ్డుతో బాదుతున్నట్టు, కాసేపు ఆగి, గొంతు మార్చుకుని, పగబట్టినట్టు మళ్ళీ బాదుతున్నట్టు. పైన అబిడ్స్ రోడ్డు మీద జనం చెప్పులు బేరమాడుకుంటూ ఉంటారు, వాళ్ళ కాళ్ళ కింద సెల్లార్‌లో ఇంత గోల జరుగుతోందని ఒక్కరికీ తెలియదు. నువ్వేమో నిద్రపోతున్నావు. పట్టుమని మూడేళ్ళు లేవు, పెద్దవాళ్ళే హడలి చచ్చే చప్పుడులో హాయిగా నిద్రపోతున్నావు. నాకు భయం వేసేది అందుకే.

నిన్ను బల్ల మీద పడుకోబెట్టినప్పుడు, ఈ స్కాను మిషను నడిపే శశికిరణ్ నీ రెండు చెవులకూ మెత్తటి దిండ్లు పెట్టి, వాటి మీద పెద్ద హెడ్‌ఫోన్ల లాంటివి తగిలించాడు. నాకు ఒళ్ళు మండింది. పిల్లకు వినపడదనే కదా ఇక్కడిదాకా వచ్చింది, ఇదేం ఎగతాళి అనుకున్నాను, అనుకున్నది నోట్లోంచి వచ్చేసింది కూడా.

"దాని పక్కన పటాకుల దుకాణం పేలినా వినపడదు సార్. గవెందుకు దానికి?"

"రూలు అక్కా, ఎవ్వరికైనా పెట్టాలె," అన్నాడు తన పని తాను చేసుకుంటూ. "లోపట నరం ఉంటే గీ సౌండుకు దెబ్బ తినొద్దు గదా."

ఉంటే అన్నాడు. మబ్బు పట్టింది గొడుగు తీసుకెళ్ళు అన్నంత మామూలుగా అన్నాడు. ఆ మాట అప్పటినుంచీ నాకు మింగుడు పడటం లేదు. ఉండాలి. ఉండి తీరాలి. దవాఖానలో చెవి ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు మందుల చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పాడు. చెవి వెనక ఎముకలో నత్తగుల్ల లాంటిది ఒకటి ఉంటుందట, అందులోకి సన్నటి వైరు పంపి, పైన మిషను పెడతారట, ఆ మిషను చప్పుడును కరెంటుగా మార్చి లోపలికి తోస్తుంది, అక్కణ్ణుంచి మెదడుకు మోసుకుపోవాల్సింది మాత్రం మనిషి నరమే. ముందు తీసిన సీటీ స్కానులో నీ నత్తగుల్లలు రెండూ చక్కగా చుట్టుకుని కనిపించాయి. అది ఎముకను చూపిస్తుందట, నరాన్ని చూపించదట, నరం చూడాలంటే ఈ ఎమ్మారై తియ్యాలట. లోపలి సన్నటి దారిలో నాలుగు నరాలు పక్కపక్కన పోతాయి, అడ్డంగా కోసినట్టు బొమ్మ తీస్తే నాలుగు చుక్కలుగా కనపడతాయి, ముఖం కదిలించేది ఒకటి, ఒళ్ళు తూలకుండా ఆపేవి రెండు, వినికిడిది ఒకటి. ఒక సున్నా చుట్టి దాంట్లో నాలుగు చుక్కలు పెట్టాడు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ నాలుగోది ఉండదమ్మా అన్నాడు. లేకుంటే ఎట్ల సార్ అని మీ నాన్న అడిగాడు. లేకపోతే ఈ ఆపరేషన్ చేసి లాభం లేదు అని డాక్టరు పెన్ను మూత పెట్టాడు. మీ నానమ్మ కొండమ్మ ఊరుకుంటుందా, నరం లేకుంట మనిషెట్ల పుడ్తది సారూ, కోడికైనా ఉంటది అని డాక్టరు మీదికే లేచింది. ఆయన నవ్వాడు గానీ ఉంటుందని అనలేదు. నేను ఆయన నోటివంకే చూస్తూ కూర్చున్నాను, అంటాడేమోనని.

నాలుగు చుక్కల ముగ్గు నేను పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదట నేర్చుకున్న ముగ్గు. రెండు పైన, రెండు కింద, చుట్టూ ఒక మెలిక. నాంపల్లి స్టేషను వెనక మన కిరాయి గది ముందర ఇవాళ పొద్దున కూడా అదే పెట్టాను, ఇంతకన్నా పెద్ద ముగ్గుకు అక్కడ జాగా ఎక్కడిది, నాలుగో చుక్క పక్కకు జరిగింది. దాన్ని కాలితో చెరిపి మళ్ళీ పెట్టాను. పెట్టాక అనుకున్నాను, ఎందుకు చెరిపాను, ఇవాళే ఎందుకు చెరిపాను, వంకరగా ఉంటే ఉండనివ్వక. మీ నాన్న ట్రాలీ ఆటో స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు, నువ్వు నా చంకలో ఆకలికి గింజుకుంటున్నావు, నేను ముగ్గు వంక చూస్తూ నిలబడ్డాను. పిచ్చిదాన్ని. ముగ్గుకూ నరానికీ ఏం సంబంధం. ఏ సంబంధమూ లేదని తెలుసు, అయినా ఇప్పటికీ దడ పోలేదు.

మోత మారింది. ఇందాక బాదింది, ఇప్పుడు గిర్రుమని సన్నగా తిరుగుతోంది, బల్ల వణుకుతోంది, నీ మడమలోంచి ఆ వణుకు నా అరచేతిలోకి పాకుతోంది. ఇది నాకు తెలుసు. ఇది అచ్చం మన పికో మిషను వణుకే. సుల్తాన్ బజార్లో చీరల దుకాణం మెట్ల కింద ఉన్న నా మిషను, రోజంతా ఫాల్సులు కుట్టడం, అంచులకు పికో చెయ్యడం, నెలల పిల్లప్పటినుంచి నువ్వు దాని కిందే పెరిగావు. పాత చీర పరిచి పడుకోబెడితే దొర్లుకుంటూ వెళ్ళి ఇనప కాలికి చెంప ఆనించి నిద్రపోయేదానివి. వచ్చిన ఆడవాళ్ళందరూ దిష్టి తగిలేట్టు మెచ్చుకునేవాళ్ళు, ఎంత బుద్ధిమంతురాలమ్మా, ఇంత చప్పుడులో పడుకుంటుంది అని. నేనూ మురిసిపోయాను. మిషను ఆపానంటే చాలు ఉలిక్కిపడి లేచేదానివి. చప్పుడు ఆగిందని లేచింది చూడండి, నా బిడ్డవి పాము చెవులు అని ఎంతమందితో చెప్పుకున్నానో. పాముకు చెవులుండవనీ, నేల అదిరితే ఒంటికి తెలుస్తుందనీ తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికి నువ్వు నడుస్తున్నావు, వెనకనుంచి పిలిస్తే తిరగడం లేదు. మీ నానమ్మ ఒప్పుకోలేదు, నా కొడుకు పరశురాముడు గూడ ఆలస్యంగనే మాట్లాడిండు, గిప్పుడు నోరు మూతపడ్తదా అని కొట్టిపారేసింది. తలకు వైర్లు పెట్టి పరీక్ష చేశారు. చెవుల మిషన్లు పెట్టి చూశారు, నెలల తరబడి చూశాం, అవి నీకు చెవిపోగుల పాటి కూడా పనికిరాలేదు, పీకి నా డబ్బాలో గుండీల మధ్య దాచేదానివి. ఇక మిగిలింది ఆపరేషనే. అది కూడా తొందరగా చెయ్యాలట, వయసు పెరిగేకొద్దీ మెదడుకు మాట పట్టుకోవడం కష్టమైపోతుందట. అందుకే కదలకు తల్లీ. ఇంకో తారీఖు మనకొద్దు.

ఇందాక బయట మందు తాగించాక కూడా నీకు నిద్ర పట్టలేదు. మత్తు డాక్టరు తలుపులోంచి తొంగి చూసి పోతున్నాడు, మన వెనక ఇంకో పేషంటు స్ట్రెచర్ మీద ఎదురు చూస్తున్నాడు. నువ్వు కళ్ళు పెద్దవి చేసుకుని నా ముఖంలోకి చూస్తున్నావు, మందుకు కళ్ళు తేలిపోతున్నా మూయడం లేదు, నిన్ను ఎక్కడికో ఇచ్చేస్తున్నానని నీకు తెలిసిపోయింది. అప్పుడు నిన్ను మోకాళ్ళ మీద వేసుకుని, కాళ్ళు రెండూ మిషను నడుస్తున్నట్టు సన్నగా ఆడించాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నాకు చలిజ్వరం వచ్చిందనుకున్నారేమో. రెండు చీరలకు పికో చేసినంత సేపట్లో నిద్రపోయావు. నిద్రలోకి జారేముందు చేయి ఎత్తి నా మెడ తడిమావు. నా పుస్తెలూ మెట్టెలూ అప్పటికే విప్పించారు, లోపలికి ఇనుమూ బంగారమూ ఏదీ రాకూడదట. మీ నానమ్మకు ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ కొంగున ముడేసుకుని వచ్చింది, పసుపుకొమ్ము కట్టిన దారం. నేను పుస్తెలు తీసి ఆమె చేతిలో పెట్టగానే, కళ్ళు మూసుకుని, నా బోసి మెడ చూడకుండా తడుముకుంటూ నా మెడలో కట్టింది. మామూలు రోజైతే ఆమెను ఆట పట్టించేదాన్ని. ఇవాళ గమ్మున కట్టించుకున్నాను. నువ్వు ఆ దారం పట్టుకుని లాగావు. అది నువ్వు నాకు పెట్టిన పేరు. మెడ దగ్గర చేయి పెట్టి ఇలా కిందికి లాగితే అమ్మ అని. ఎవరూ నేర్పలేదు, నీ అంతట నువ్వే పెట్టుకున్నావు, ఆకలేస్తే అదే, పడితే అదే, కిటికీలోంచి మెట్రో పోతుంటే చూడమని కూడా అదే. నన్ను పిలవడానికి నీకొక పేరుంది. నిన్ను పిలవడానికే నా దగ్గర ఏమీ లేదు.

పేరు లేక కాదు. నీకు పెట్టిన పేరు రేణుక. నాకిష్టం లేదు, నేను టీవీలో విని ఇంకేదో మెత్తటి పేరు అనుకున్నాను, మీ నానమ్మ ఎల్లమ్మకు మొక్కుకుందట, రేణుక ఎల్లమ్మ పేరే పెట్టాలని పట్టుబట్టింది. నిన్ను తొట్టెల్లో వేసిన రోజు మేనత్త చెప్పాల్సిన పేరు, మీ నాన్నకు తోబుట్టువులు లేరు కాబట్టి ఆమే చెప్పింది, తమలపాకు అడ్డం పెట్టి నీ కుడి చెవిలో మూడుసార్లు. నువ్వు ఆవులించావు. అందరూ నవ్వారు. ఆ రోజునుంచి ఆమె నీతో ఏం మాట్లాడినా కుడి చెవిలోనే. పేరు పోయిన తొవ్వనే మాటలన్నీ పోతయి అంటుంది. నీకు వినపడదని పరీక్షల్లో తేలాక కూడా మానలేదు. సాయంత్రం పూట నిన్ను ఒళ్ళో వేసుకుని, ఎడమ చెంప తన పొట్టకు ఆనించుకుని, కుడి చెవిలో ఎల్లమ్మ కథంతా చెబుతుంది, ఊళ్ళో పోయిన బర్రె కథ చెబుతుంది, నా మీద చాడీలు కూడా చెబుతుంది. నాకు వినపడేంత గట్టిగానే చెబుతుంది, అది వేరే సంగతి. నువ్వు ఆమె పొట్ట కదులుతుంటే కితకితలు పెట్టినట్టు నవ్వుతావు. డాక్టరు ఏ చెవికి చేద్దాం అని మాటవరసకు అంటే, కుడి చెవికే సారూ, గా తొవ్వ సాఫుగుంది అని ఆమే చెప్పింది. మామూలుగా మేమూ కుడికే చేస్తాంలే అని ఆయన చీటీలో కుడి అని రాశాడు.

ఎందుకు గుర్తొస్తుంది ఇప్పుడు ఆ నుమాయిష్, ఏటేటా జరిగే ఆ పెద్ద ఎగ్జిబిషన్. మనింటికి కూతవేటు దూరం ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. కూతవేటు అంటారు, కూత వినపడే వాళ్ళకు. నీ చేయి నా వేలు పట్టుకునే ఉంది, నేను గాజుల దుకాణం దగ్గర ఒక్క క్షణం ఒంగాను, లేచేసరికి వేలు ఖాళీగా ఉంది. రేణూ అని అరిచాను. అరిచి లాభం లేదని తెలిసి అరిచాను, గొంతు పగిలేలా అరిచాను, చుట్టూ ఉన్న వాళ్ళు పిల్లల్ని గట్టిగా పట్టుకున్నారు, పిల్ల తప్పిపోయిందట పాపం అని చూస్తున్నారు. మీ నాన్న ఒకవైపు, నేను ఒకవైపు. మైకులో చెప్పిస్తాం, పేరు చెప్పండమ్మా అన్నారు. పేరు చెప్పాను. మైకు మైదానమంతా నీ పేరు చెప్పింది, ఐస్‌క్రీములు తినేవాళ్ళు, శాలువాల కాశ్మీరోళ్ళు విన్నారు, చెరువు మీది నుంచి వచ్చినట్టు తిరిగి తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది ఆ పేరు, నువ్వొక్కదానివి తప్ప అందరూ విన్నారు. ఆ కాసేపట్లో నేను అనుకోని ఘోరం లేదు. చివరికి దొరికింది ఎక్కడ, జెయింట్ వీలు తిప్పే ఇంజన్ దగ్గర. కటకటాలకు రెండు అరచేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని, లోకం మీద నీకేం పని లేనట్టు నవ్వుతూ నిలబడ్డావు. కొట్టాలని చేయి ఎత్తాను. ఎత్తిన చేయితోనే ఎత్తుకున్నాను.

ఆగింది. మోత ఒక్కసారిగా ఆగింది, ఇప్పుడు ఈ నిశ్శబ్దం చెవుల్లో గుయ్‌మంటోంది. అయిపోయిందా. అయిపోతే శశికిరణ్ తలుపు తీసుకుని రావాలి కదా. రాలేదు. మధ్యలో ఉన్న గాజు కిటికీ అవతల కూర్చుని తెర వంక చూస్తున్నాడు, ముందుకు ఒంగాడు, ఎవరినో పిలిచాడు. లోపలికి డాక్టరమ్మ వచ్చింది, స్కాను చూసి రిపోర్టు రాసేది ఆమే, భవ్యశ్రీ అని కోటు మీద పేరుంది, పొద్దున నా మందుల చీటీలన్నీ ఓపిగ్గా చూసింది. ఆమె నిలబడే చూస్తోంది. కూర్చుంది. ఎందుకు కూర్చుంది. బాగుంటే నిలబడి చూసి వెళ్ళిపోతారు కదా, కూర్చున్నారంటే ఏదో ఉన్నట్టే, లేనట్టే. శశికిరణ్ వేలితో తెర మీద ఒకచోట చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. తల అడ్డంగా ఊపింది తల్లీ, నేను చూశాను. తెర నాకు కనపడదు, దాని వీపే ఇటు తిరిగి ఉంది, కానీ వాళ్ళ వెనక గోడకు అద్దాల బీరువా ఉంది, దాని అద్దంలో తెర నీడ పడుతోంది. తెల్లటి గుండ్రం ఒకటి, పెద్దది చేసి పెట్టారు. అందులో నల్ల చుక్కలు. నేను కళ్ళు చికిలించి చూశాను, డాక్టరమ్మ భుజం అడ్డం వచ్చింది, జరిగింది, మళ్ళీ చూశాను. పైన రెండు. కింద ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాను. పైన రెండు, కింద ఒకటి, దాని పక్కన తెలుపు. కింద రెండోది ఉండాల్సిన చోట ఏమీ లేదు, నేను పొద్దున చెరిపిన చోట.

లేచి పోయి అడగాలనిపించింది. లేవకూడదు, నీ కాలు వదలొద్దని చెప్పారు. ఇప్పుడేం చెయ్యాలి నేను. వినపడకపోతే బతకలేరా అంటే బతుకుతారు, నాకు తెలుసు, అబిడ్స్ బస్టాపులో చూశాను, చెవిటి పిల్లల బడికి పోయే ఆడపిల్లలు చేతులతో మాట్లాడుకుంటూ, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటూ, వాళ్ళకు ఏ లోటూ ఉన్నట్టు కనిపించలేదు, బస్సులో ఉన్నవాళ్ళే గుడ్లప్పగించి చూశారు. నీకూ ఆ చేతుల మాట నేర్పిస్తాను, నేనూ నేర్చుకుంటాను, మీ నానమ్మ కూడా నేర్చుకుని చేతులతోనే నా మీద చాడీలు చెబుతుంది. అదంతా నాకు తెలుసు. తెలిసినా భయం తెలియనట్టే కూర్చుంది. వెనకనుంచి వచ్చే లారీ ఉంది. చీకట్లో మన గల్లీ ఉంది, కరెంటు పోతే చేతులు కూడా కనపడవు. నేను గుమ్మం బయట పడిపోయి పిలిస్తే రావు. నువ్వు ఎక్కడైనా ఆపదలో ఉండి, నేను రేణూ వెనక్కి రా అని అరిస్తే, ఆ అరుపు నీ వీపు దాకా వచ్చి ఆగిపోతుంది. తల్లీ ఎల్లమ్మా, నీ పేరే పెట్టుకున్నాం కదా, నా మాట కాదని నీ పేరే పెట్టుకున్నాం, ఒక్క దారప్పోగు ఇవ్వలేకపోయావా. దారం లేకుండా నేను ఎంత తొక్కితే మాత్రం ఏం కుట్టు పడుతుంది. సూది దిగుతుంది, లేస్తుంది, గుడ్డకు బెజ్జాలే మిగులుతాయి.

నీ కాలు అదిరింది. లేదు, అదరలేదు, నా చేయే వణికింది. కాదు, అదిగో, బొటనవేలు ముడుచుకుంది, దానికి తగిలించిన నాడి చూసే క్లిప్పు కదిలింది. మిషను ఆగిపోయింది కదా, వణుకు ఆగింది కదా, ఆగితే లేవడం నీకు అలవాటే కదా. కిటికీ అవతల శశికిరణ్ రెండు చేతులూ కిందికి నొక్కినట్టు చూపిస్తున్నాడు, ఆపు, కదలనివ్వకు అని, ఇంకో బొమ్మ తియ్యాలన్నట్టు వేలు చూపించాడు. ఇంకోటి ఎందుకు, మూడే ఉన్నాయని తెలిశాక ఇంకోటి ఎందుకు. మోకాలు కూడా కదిలింది. లేస్తున్నావు. లేచి చూస్తే ముఖానికి అంగుళం దూరంలో పైకప్పు, తల చుట్టూ బిగించిన బోను, నేను కనపడను, నీ గుండె ఆగిపోతుంది. జో కొట్టడానికి నీకు నా గొంతు లేదు. నీ అరికాలు నా అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో కుట్టడం మొదలుపెట్టాను. మిషను సూది ఎంత జోరుగా దిగుతుందో అంత జోరుగా, టకటకటకటక, మడమ నుంచి వేళ్ళ దాకా ఒక వరస, మళ్ళీ వేళ్ళ నుంచి మడమ దాకా, చీర అంచు ఎంత పొడవుంటుందో అంత. మోకాలు ఆగింది. బొటనవేలు మెల్లగా విచ్చుకుంది. అప్పుడే ఆ పెద్ద మిషను మళ్ళీ గర్రుమంది. ఈసారి దాని మోత నన్ను భయపెట్టలేదు, నాకు తోడు వచ్చింది, అది పైనుంచి, నేను కిందనుంచి, ఇద్దరం కలిసి నిన్ను పడుకోబెట్టాం. నా వేలు మొద్దుబారిపోయింది. ఆపలేదు. ఆపితే డాక్టరమ్మ ముఖం చూడాల్సి వస్తుంది.

అయిపోయింది. బల్ల బయటికి జారింది, నీ ముఖం వచ్చింది, బుగ్గ మీద దిండు గీత పడి ఉంది, ఊపిరి వెచ్చగా తగిలింది నా చేతికి. నిన్ను పక్క గది మంచం మీదికి మార్చారు. మీ నానమ్మ గుమ్మం దగ్గర నా పుస్తెల మూట గుండెకు అదుముకుని నిలబడి ఉంది. మీ నాన్న రాలేదు, ఆటో నో పార్కింగ్‌లో ఉందని పైనే ఉన్నాడు, ఆటో పేరు చెప్పి పైనే ఉన్నాడు, ఆయన భయం ఆయనది. డాక్టరమ్మ వచ్చింది.

"బొమ్మలు చాలా బాగా వచ్చాయమ్మా. పాప అస్సలు కదల్లేదు. రిపోర్టు మీ డాక్టరుగారికి పంపిస్తాను."

"మూడే ఉన్నయి గదా మేడం," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "ఏం మూడు?"

"చుక్కలు. బీరువ అద్దంల చూసిన. పైన రెండు, కింద ఒక్కటి. నాలుగుండాలె అని డాక్టర్ సారు చెప్పిండు."

ఆమె వెనక్కి తిరిగి ఆ బీరువా వంక చూసింది. నా వంక చూసింది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు, ఆమె నా మోచేయి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ఈ మాట చెప్పాల్సింది ఆయనమ్మా, నేను కాదు. కానీ మీరు సగం చూసి ఇంటికి వెళ్ళకూడదు. మీరు చూసింది కుడి చెవి. కుడివైపు వినికిడి నరం కనిపించలేదు. అందుకే ఇంకోసారి తీసి చూశాం, కనిపించలేదు." ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణంలో నేను చచ్చి బతికాను. "ఎడమవైపు ఉంది. ఉండాల్సిన దానికన్నా కాస్త సన్నంగా ఉంది, కానీ ఉంది. నాలుగూ ఉన్నాయి."

"సన్నగుంటే వినపడ్తదా మేడం?"

"ఎంత వినిపిస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరమ్మా. చేయొచ్చా లేదా అన్నది ఆయన చూసి నిర్ణయిస్తారు. కుడి చెవికి అని రాశారు కదా, అది మాత్రం చేయరు."

కుడి అని రాసిన చీటీ నా సంచిలోనే ఉంది. ఈ బొమ్మ తియ్యకుండా చేసి ఉంటే, నీ ఎముక తొలిచి వైరు పెట్టి, ఇప్పుడు వింటుంది, ఇప్పుడు వింటుంది అని నీ ముఖంలోకి చూస్తూ కూర్చునేవాళ్ళం, అవతల మోసుకుపోయేది ఏదీ లేదని తెలియక. ఉందన్న సంతోషం వచ్చేలోపలే సన్నంగా అన్న మాట వచ్చి దాని పక్కన కూర్చుంది. సన్నటి దారంతో ఎన్ని చీరలు కుట్టలేదు నేను అని చెప్పుకున్నాను. దారం తెగిన రోజులూ గుర్తొచ్చాయి. భయం ఎక్కడికీ పోలేదు, కాస్త పక్కకు జరిగి నాకు ఊపిరి పీల్చుకునే జాగా ఇచ్చింది, అంతే.

మీ నానమ్మ నా ముందుకు వచ్చింది. డాక్టరమ్మ మాటలు ఆమెకు సగమే అందినట్టున్నాయి.

"ఏమన్నది బిడ్డా? జర నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"కుడి చెవుల నరం లేదంట అత్తమ్మా. ఎడమ దాంట్ల ఉన్నదంట."

"కుడి చెవులనా?"

"ఔ."

ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి. కోడికైనా ఉంటుందన్న మనిషి. పుస్తెల మూట నా చేతిలో పెట్టి, మంచం పట్టె మీద కూర్చుని, నీ కుడి చెవి తమ్మె పట్టుకుని చూసింది, ఇన్నాళ్ళూ అందులో పోసినదంతా ఎక్కడికి పోయిందో వెతుకుతున్నట్టు చాలాసేపు చూసింది.

"గిన్ని దినాలు నేను గోడకు చెప్పుకున్ననా?" అంది.

నాకు చెప్పాలనిపించింది. అత్తమ్మా, ఎడమ చెవికి మాత్రం ఏం వినపడింది, ఇప్పుడు మాత్రం ఏం వినపడుతుంది, ఆపరేషన్ కావాలి, మిషను పెట్టాలి, ఆ తర్వాత ఎన్నాళ్ళో నేర్పించాలి, అప్పుడు గానీ అది చప్పుడో మాటో పిల్లకు తెలియదు, అదీ ఆ సన్నటిది మోస్తేనే. అన్నీ నాకు తెలుసు. ఆమె నీ తల కింద చేయి పెట్టి, గాజుసామాను తిప్పినట్టు మెల్లగా అటు తిప్పింది. ఎడమ చెవి పైకి వచ్చింది. దాని మీద పడిన నీ చెమట జుట్టు వెనక్కి తోసింది. తమలపాకు లేదు, చీర కొంగే అడ్డం పెట్టుకుని ఒంగింది.

"రేణుక," అంది. ఊపిరి తీసుకుంది. "రేణుక." ఇంకోసారి, ఇంకా మెల్లగా, "రేణుక."

నువ్వు లేవలేదు. పైనుంచి మీ నాన్న ఆటో హారన్ వినపడింది, ఎవరో జరపమంటున్నట్టున్నారు. పోదాం అని నేను నిన్ను ఎత్తుకోబోయాను. మీ నానమ్మ తల ఎత్తకుండానే చేయి అడ్డం పెట్టింది.

"జర ఆగు పిల్లా. గా చెవుల చెప్పినయన్ని గీ చెవుల మల్ల చెప్పాలె."

నేను ఆ పక్కనే కూర్చుని, నీ కాలు ఒళ్ళో పెట్టుకున్నాను.